ఎనిమిదో ఏరేటరు

చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు నడిపే పెట్టెలకు సీలు వేసి, విప్పితే నేరమన్న కంపెనీ దొరలారా, మా ఆకివీడు రొయ్యల ఊపిరి తీస్తున్నది మీరే! చేత్తో వేసే స్విచ్చులన్నీ పీకించి, ప్రతి చెరువునూ మీ పెట్టెకే అప్పగించారు. ఈ ఉదయం మా వదిన రత్నమాల చెరువులో ఎనిమిది ఏరేటర్లూ ఒక్కసారే ఆగిపోయాయి. గాలి చాలక రొయ్యలు పైకి తేలుతున్నాయి. మీ మనిషి ఎల్లుండి వస్తాడట!

నేను సీలు పగలగొట్టాను. ఏది ఎప్పుడు నడవాలో చెప్పే బుర్ర చిప్పు బతికే ఉంది. దాని మాట విని, ఒక్కో ఏరేటరుకూ కరెంటు కలిపే స్విచ్చుల్ని, అంటే రిలేలను, లాగే డ్రైవర్ చిప్పు మాడిపోయింది.

"రిలేల్ని తిన్నగా బుర్రకే కలిపెయ్యవే!" అంది వదిన.

"అంత కరెంటు అది మొయ్యలేదు వదినా, అదీ చచ్చిపోద్ది. నా దగ్గరున్న డ్రైవరు ఏడింటినే లాగుద్ది. ఎనిమిదోదానికి ట్రాన్సిస్టరూ, పక్కనే డయోడూ పెడతా. డయోడు లేకపోతే రిలే ఆగేటప్పుడు కరెంటు వెనక్కి తన్ని ట్రాన్సిస్టర్ని మాడ్చేద్ది."

"మాటల్లో అచ్చం మీ అన్నయ్యవే!" అంది వదిన.

అన్నీ అతికి కరెంటిచ్చాను. టకటకమని ఎనిమిది రిలేలూ పలికాయి. చెరువంతా తెల్లగా నురగెత్తింది! వదిన గట్టు మీద గెంతింది. రొయ్యలు కిందికి దిగాయి.

మరి సీలు ఎవరి కోసం? రేపటికల్లా ప్రతి పెట్టె సీలూ తీయండి. వైరింగ్ పటం మూత లోపల అంటించండి. డ్రైవర్ చిప్పును అతికెయ్యకుండా, మేమే పీకి మార్చుకునేలా సాకెట్లో పెట్టండి!