గంపలో మిగిలిన గుడ్డు

పెరట్లో తిరిగే చుక్కలపెట్టకి ఆ పొద్దున ఒంట్లో ఏదో తేడాగా అనిపించింది. గడ్డి పరిచిన గంపలోకి దూరి ముక్కింది, మూలిగింది. లేచి వెనక్కి చూసేసరికి దాని గుండె ఆగినంత పనైంది. అక్కడ ఎప్పుడూ ఉండే ముసలి ఎర్రపెట్ట గుడ్డు పక్కన ఇంకో గుడ్డు, వెచ్చగా!

"పెద్దమ్మో! నా పేగేదో జారిపడింది!"

"పేగు కాదే పిచ్చిదానా, నీ తొలి గుడ్డు," అని నవ్వింది ఎర్రపెట్ట.

ఇంకేముంది! చుక్కలపెట్ట గోడెక్కి వీధి వీధంతా వినేలా కొక్కొక్కోమని చాటింది. ఆ అరుపుకి ఇంటామె వచ్చి, వెచ్చటి గుడ్డుని కొంగులో వేసుకుని చక్కా పోయింది.

చుక్కలపెట్ట గోడ దిగి ఎర్రపెట్ట దగ్గరికి పరిగెత్తింది.

"అడగనైనా అడగలేదే! మరి నీది మాత్రం ముట్టుకోలేదేం? పెద్దదానివని మర్యాదా?"

ఎర్రపెట్ట గంపలోకెక్కి తన గుడ్డుని రెక్క కిందికి లాక్కుంది. చుక్కలపెట్టకి ఒళ్లు మండిపోయి, మెడ చాచి ఆ గుడ్డుని ఒక్కటి పొడిచింది. దాని ముక్కు అదిరిపోయింది.

"పెద్దమ్మా! ఇది రాయి! సున్నం పూసిన రాయి! నిన్ను మోసం చేశారు!"

"మెల్లగా మాట్లాడవే," అంది ఎర్రపెట్ట. "మనం గుడ్లు పెట్టడానికి ఈ గంపకే రావాలని ఆవిడే పెట్టింది. నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసీ పొదుగుతున్నావా!"

ఎర్రపెట్ట రాయిని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"నేను పెట్టినవన్నీ పట్టుకుపోయారు తల్లీ. ఎవరూ పట్టుకుపోనిది ఇదొక్కటే."