ఎడమ మోకాలు

మూడో డాక్టరు కూడా అదే మాట అన్నాడు. “స్కానింగ్‌లో ఏమీ కనబడటం లేదు. కానీ అబ్బాయి నొప్పి అంటున్నాడు. నొప్పిని మేం కాదనలేం.”

ఓడెల్ ప్రూయిట్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. “ఇన్ని మిషన్లు పెట్టుకుని ఒక్క మోకాలు బాగుచెయ్యలేరా?”

మంచం మీద కూర్చున్న కొడుకు రాండెల్ తల ఎత్తలేదు.

ఆ మోకాలి మీదే ఓడెల్ ఆశలన్నీ. తూర్పు టెక్సస్‌లో వాళ్ల ఊరి జనాభా నాలుగు వేలు. శుక్రవారం సాయంత్రం స్కూలు ఫుట్‌బాల్ మ్యాచికి ఊరు ఊరంతా వచ్చేది. అక్కడి ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని, మీద పడేవాళ్లని తప్పించుకుంటూ పరిగెత్తే ఆట. రాండెల్ బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేవాడు. ఎదురొచ్చినవాడి ముందు ఎడమ కాలు గట్టిగా ఊని, చటుక్కున కుడికి మళ్లేవాడు. వచ్చినవాడు గాలిని కావలించుకునేవాడు. గ్యాలరీలో ఓడెల్ తన గడ్డిటోపీ తీసి ఊపేవాడు. ఆ ఒక్క మలుపు చూసే యూనివర్సిటీ వాళ్లు ఫీజు, గది, భోజనం అన్నీ తామే పెట్టుకుని తీసుకెళ్లారు.

మొదటి ఏడు బెంచీ మీద కూర్చోబెట్టారు. రెండో ఏడు అడపాదడపా బంతి ఇచ్చారు. మూడో ఏడు నీదే అన్నారు. ఆ వేసవిలో ఇంటికొచ్చి రాండెల్ నసిగాడు.

“నాన్నా, ఇంజనీరింగ్ ల్యాబులు మధ్యాహ్నం పూట. ప్రాక్టీసూ అప్పుడే. కోచ్ ఏదైనా తేలిక కోర్సుకి మారమంటున్నాడు.”

“మారు.”

“నాకు వంతెనలు కట్టాలనుంది.”

“వంతెనలు ఎవడైనా కడతాడ్రా. నీలా పరిగెత్తేవాడేడీ? రెండేళ్లు ఓపిక పట్టు, పెద్ద జట్లు నీ వెంట పడతాయి.”

ఆ ఆగస్టులోనే, ప్రాక్టీసు మొదలైన వారానికి, మోకాలు పోయింది. ఇప్పుడు అక్టోబరు.

డాక్టరు వెళ్లాక కోచ్ లోపలికొచ్చాడు. ఇక ఆడించలేమన్నాడు. ఓడెల్ భార్య వెర్లీన్ ఒక్కటే అడిగింది.

“ఆడకపోతే చదువు మాన్పించేస్తారా?”

“లేదు మేడమ్. తనంతట మానేస్తే ఆపేస్తారు గానీ, ఆటలో దెబ్బతిన్నవాడికి డిగ్రీ చేతికొచ్చేదాకా ఖర్చంతా యూనివర్సిటీదే.”

“నువ్వడగాల్సింది అదా?” అని భార్య మీద విరుచుకుపడ్డాడు ఓడెల్.

ఆ తర్వాత ఆ ఉక్రోషంతోనే బతికాడు. పనిచేసే రంపపు మిల్లులో “మీవాడు మళ్లీ ఆటకి ఎప్పుడు దిగుతాడు?” అని అడగడం మానేశారు. అది ఇంకా బాధ. శనివారం టీవీలో రాండెల్ బదులు ఆడే కుర్రాడు బంతి జారవిడిస్తే ప్లేటు పక్కకి నెట్టేసేవాడు. సెలవులకొచ్చిన కొడుకు కుంటుతూ మెట్లెక్కుతుంటే చూడలేక పెరట్లోకి పోయేవాడు.

“ఇంకా ఎన్నాళ్లు తలుచుకుంటావు?” అనేది వెర్లీన్.

“పోయింది నీ కాలైతే తెలిసేది.”

రెండేళ్లకి ఇంజనీరింగ్ పట్టా వచ్చింది. యూనివర్సిటీ పచ్చికలో కుర్చీలు వేశారు. రాండెల్ కుంటుతూనే వేదికెక్కి పట్టా అందుకున్నాడు.

“నాలుగు మెట్లెక్కడానికి ఎంత అవస్థపడ్డాడో చూశావా?” అన్నాడు ఓడెల్.

“ఉద్యోగం కూడా వచ్చింది, అది చూడు,” అంది వెర్లీన్.

ముగ్గురూ ఫొటోకి నిలబడ్డారు. ఇంతలో గాలి విసురుగా వీచి ఓడెల్ గడ్డిటోపీని ఎగరేసుకుపోయింది.

ఓడెల్ రెండడుగులు వేసేలోపే రాండెల్ నల్లగౌను రెపరెపలాడుతుండగా కుర్చీల మధ్యకి దూసుకుపోయి, అడ్డొచ్చిన పెద్దాయన ముందు ఎడమ కాలు గట్టిగా ఊని, చటుక్కున కుడికి మళ్లి, టోపీ నేల తాకకముందే అందుకుని చంకలో ఇరికించుకున్నాడు.