అర వాటు

"ఆపెయ్ బావా, పొగ!"

బావమరిది ఒక్క అంగలో వెళ్ళి స్విచ్ కట్టేశాడు. బల్ల మీద విప్పి పెట్టిన గిటార్ ఆంప్లిఫయర్‌లో గాజు వాల్వుల ఎర్రదనం మెల్లగా ఆరిపోయింది. గదంతా మాడువాసన.

"మళ్ళీ అదే రెసిస్టరా?"

"అదే. బొగ్గయిపోయింది."

బావ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "నా రాతే అంతరా. పెట్టిందల్లా కాలిపోతోంది. ఈ పెట్టె పలికితే కదా నేను గిటార్ పట్టుకునేది!"

ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్షవాతం వచ్చి పోయాక మాటా నడకా తిరిగొచ్చాయి గానీ ఆ చేతి వేళ్ళు రాలేదు. "ఇది తయారవనీ, తీగ మీద పెడితే వేళ్ళు వాటంతటవే కదుల్తాయి" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంటాడు.

మైకుసెట్లు బాగుచేసే బావమరిదికి ఈ పని కొత్త కాదు. మాడిన ముక్కను పీకి కిటికీ దగ్గర పెట్టి చూశాడు. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, అంతే.

"బావా, ఇది అర వాటుది! ఇక్కడ వంద వోల్టులు పడుతున్నాయి, పదిహేను మిల్లీఆంపులు పోతున్నాయి. అంటే ఒకటిన్నర వాట్ల వేడి. లెక్కకు రెట్టింపు వెయ్యాలని నాకు నేర్పిందే నువ్వు. మూడు వాట్లది ఉండాలి కదా?"

"మూడు వాట్లవే తెమ్మన్నాను. మీ అక్క తెచ్చింది. రంగు గీతలు సరిపోయాయి, పెట్టేశాను."

రంగు గీతలు ఓములు చెబుతాయి గానీ, ఎంత వేడికి తట్టుకుంటుందో ఆ వాట్లు చెప్పవు. వాట్లు తెలిసేది లావును బట్టే. ఆ సంగతి బావకు తెలియక కాదు. జబ్బుతో చూపు కూడా మందగించిందేమో! అడగడానికి బావమరిదికి మనసు రాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

"అక్కా, షాపువాడు నీకు టోపీ పెట్టాడే. అడిగింది ఒకటి, అంటగట్టింది ఇంకొకటి. పద, వాడి సంగతి చూద్దాం."

అక్క పొయ్యి తగ్గించింది. గుమ్మం వైపు ఓసారి చూసి, చెంచాల డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు రెసిస్టర్లు తీసింది. అన్నీ లావుపాటివి, మూడు వాట్లవి.

"వాడు సరిగ్గానే ఇచ్చాడు. చిన్నవి నేనే వేరేగా అడిగి కొన్నా."

"నీకేమన్నా పిచ్చా? అక్కడ మనిషి కుమిలిపోతుంటే!"

"మెల్లగా! ఆ వేళ్ళు ఇక రావని డాక్టర్ నాతో చెప్పాడురా. ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ పెట్టె పలికిన రోజున గిటార్ పట్టుకుంటారు. ఆ తర్వాత?" ఆమె మళ్ళీ గుమ్మం వైపు చూసింది. "ఇప్పుడు కనీసం పొద్దున్నే లేస్తున్నారు. స్నానం చేస్తున్నారు. ఇంత తింటున్నారు. కాలితే కాలనీ."

"ఎన్నాళ్ళే ఇలా?"

అక్క అతని అరచేతిలో ఒక పెద్దదీ ఒక చిన్నదీ పెట్టి, పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల బావ కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా వంచుతున్నాడు. వదలగానే అవి చచ్చిన పురుగుల్లా వాలిపోతున్నాయి. వాటినలాగే చూస్తున్నాడు.

బావమరిది పెద్దదాన్ని జేబులో వేసుకున్నాడు.

"దొరికింది బావా. మూడు వాట్లది," అన్నాడు చిన్నదాన్ని గుప్పిట్లో బిగించి.

"ఏదీ, ఇలా తే."

ఇవ్వక తప్పలేదు. బావ దాన్ని కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒకసారి దొర్లించాడు. కళ్ళెత్తి వంటింటి వైపు చూశాడు. మళ్ళీ దాన్ని అతని చేతిలోనే పెట్టేశాడు.

"ఈ అర వాటుదే పెట్టెయ్‌రా," అన్నాడు గొంతు బాగా తగ్గించి. "నాకు అంతా తెలుసని మాత్రం మీ అక్కకి చెప్పకు."