మామగారి చిత్తరువు

ఓర్సోలా సంచీ సర్దుతోంది. రెండు జతల ఉన్ని మేజోళ్ళు, జున్నుముక్క, ఎండు రొట్టెలు, దువ్వెన.

"దువ్వెనెందుకే?" అన్నాడు లాపో. అతని తల మీద వెంట్రుక కనబడి పదేళ్ళయింది.

"ఫ్లోరెన్స్ పెద్ద ఊరు. ఎవరైనా అడిగితే ఇవ్వొచ్చు."

లాపో నవ్వాడు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో అతను ప్రయాణమైనప్పుడల్లా ఆమె ఏడుస్తూనే సర్దేది. ఈసారి కళ్ళు పొడిగా ఉన్నాయి. పోనీలే, అలవాటు పడింది అనుకున్నాడు.

అతను దొరగారి నిమ్మతోటలో మాలి. దొరలందరికీ వింత దబ్బకాయల పిచ్చి పట్టిన రోజులవి. కొమ్ముల కాయ, వేళ్ళ కాయ, కాయలో కాయ, ఏది కాసినా చిత్రకారుడి చేత బొమ్మ గీయించి సావడిలో తగిలించాల్సిందే. కాయని మోసుకెళ్ళేది లాపో. నాలుగు రోజులని వెళ్ళి నలభై రోజులకు రావడం అతనికి మామూలే.

ఈ ఏటి కాయకి రెండు మడతల గడ్డం, ఒక వంకర ముక్కు. అచ్చం దొరగారి మామగారే, పోయి మూడేళ్ళయింది పాపం. కాయని చూసి దొరసాని వెక్కి వెక్కి ఏడ్చింది. దొరగారు టోపీ తీసి దానికి నమస్కారం పెట్టారు. తర్వాత లాపో వైపు తిరిగి, "గాటు పడకుండా తీసుకెళ్ళు, గాటు పడకుండా తీసుకురా. పడిందో, నీకిచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి" అన్నారు.

"ఏ రోజుకొస్తావు?" అని అడిగింది ఓర్సోలా.

"లూకా పండుగకి, పద్దెనిమిదో తారీఖున. సాయంత్రం చర్చి గంట కొట్టేసరికి."

"కచ్చితంగానా?"

"కచ్చితంగా."

"ముందైతే రావుగా?"

లాపో ఆమె భుజం తట్టాడు. పిచ్చిది, రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంది కాబోలు. "ఈసారి చెప్పిన రోజుకే వస్తానే. ఒట్టు."

తీరా సంచీ గుమ్మం దాటలేదు. దివాణం గుమాస్తా కంచరగాడిదకి ఒక పక్క మామగారి పెట్టె, రెండో పక్క సరితూకానికి ఇసుకమూట కట్టించాడు.

"సంచీ వద్దు. బరువెక్కువైతే గాడిద కుదుపుతుంది," అన్నాడు.

"నేను మోస్తానయ్యా."

"నువ్వు మోస్తే మామగారికి గొడుగెవరు పడతారు?"

"పోనీలే, ఇక్కడే ఉండనీ," అంది ఓర్సోలా. గేటు దాకా వచ్చి, గాడిద మలుపు తిరిగే వరకూ చెయ్యి ఊపింది.

దారిలో సత్రం. "మంచం ఒకటే ఉంది. మీలో పెద్దాయనెవరు?" అంది సత్రం ఆవిడ. లాపో నేల మీద పడుకున్నాడు.

ఫ్లోరెన్స్‌లో చిత్రకారుడు నెరోత్సి కాయ మీది బుడిపెలు ఒక్కొక్కటే లెక్కపెట్టి గీసేవాడు. లెక్క తప్పితే మళ్ళీ మొదటికి వచ్చేవాడు.

"నిన్న ఈ బుగ్గ ఆకుపచ్చగా ఉంది. ఇవాళ పసుపెక్కింది. రాత్రి ఏమన్నావయ్యా దీన్ని?"

"నేనేం అనలేదు బాబూ. కూతురు గుర్తొచ్చుంటుంది."

పండుగ రెండు రోజులుందనగా నెరోత్సి కుంచె కింద పెట్టాడు. "ఇక కొయ్యాలి."

"ఎవర్ని?"

"మామగారిని. పైన నిండు కాయ, కింద కోసిన చెక్క. ఫలాల బొమ్మంటే అంతే. లోపల చూపించకపోతే మీ దొరే తీసుకోడు."

"కోస్తే నా ఇల్లు పోతుంది బాబూ."

"అయితే అదే చెట్టుది ఇంకో కాయ తెప్పించు. పది రోజులు ఆగుతాను."

పది రోజులు. లాపో కిటికీ దగ్గర నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళుగా కాయలకిచ్చిన మాట ఒక్కటీ తప్పలేదు. ఓర్సోలాకిచ్చింది ఒక్కటీ నిలబెట్టుకోలేదు. గేటు దగ్గర ఊగిన చెయ్యి కళ్ళ ముందు కదిలింది. ఇల్లు పోతే పోనీ. ఇద్దరూ కలిసి ఇంకోటి వెతుక్కోవచ్చు.

కత్తి తనే తీసుకున్నాడు. మామగారి ముక్కు మీదుగా నిలువునా కోశాడు.

లోపల చుక్క రసం లేదు, ఒక్క గింజ లేదు. అంతా తెల్లటి బెండు. నెరోత్సి వంగి చూశాడు.

"ఇంత ముఖం పెట్టుకుని లోపల ఏమీ లేదే."

"ఆ మాట మా దొరసాని దగ్గర మాత్రం అనకండి."

ఏమీ లేని చెక్కని గీయడం నెరోత్సికి ఆ రాత్రికే అయిపోయింది. మర్నాడు పొద్దున్నే లాపో చెక్కలు రెండూ రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఇసుకమూట అక్కడే పారేశాడు. పంతొమ్మిదేళ్ళలో తొలిసారి గాడిద ఎక్కి కూర్చున్నాడు.

సత్రం దగ్గర గాడిదకి నీళ్ళు పెడుతుంటే ఆవిడ బయటికొచ్చింది. "పెద్దాయనేడి?"

"జేబులో ఉన్నారు."

"పడుకోవా మరి?"

"లేదమ్మా. ఇంటిదగ్గర మా ఆవిడ ఎదురుచూస్తుంటుంది."

దారి పొడుగునా ఒకటే మాట వల్లె వేసుకున్నాడు. 'చూశావుటే, చెప్పిన రోజుకే వచ్చాను.' లూకా పండుగ సాయంత్రం, గంట మోగుతుండగానే గుమ్మం ముందు గాడిద దిగాడు.

ఓర్సోలా ఆ సంచీ తీసుకుని ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది 1697 అక్టోబరు ఏడున, అతని గాడిద మలుపు తిరిగిన వెంటనే. మళ్ళీ తిరిగి రాలేదు.