బేరమాడిన విశ్రాంతి

“గోళ్ళ సందులు కూడా రుద్దుకోండి షావుకారుగారూ,” అంది నర్సు.

పాత్రల కొట్టాయన మళ్ళీ మోచేతుల దాకా సబ్బు పట్టించాడు. భార్య ఇంటి దగ్గర పిండి ఇచ్చిన పాలసీసాను మంచుముక్కల డబ్బాలోంచి తీసి నర్సు చేతికిచ్చాడు. చొక్కా విప్పి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె గాజుపెట్టె తెరిచి, గొట్టాలు కదలకుండా పాపను తీసి, ఆయన ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పింది. దోసిట్లో ఇమిడే ప్రాణం. నెలలు నిండని బిడ్డకు మనిషి ఒంటి వేడిని మించిన మందు లేదని డాక్టరమ్మ చెప్పింది.

“గంట చాలంటే రెండు గంటలు కూర్చుంటారు. ఇక మీ కొట్టు నడిచినట్టే.”

“ఇక్కడ బేరమాడనమ్మా. ఆడిన బేరం చాలు.”

ఆ బేరం సంగతి ఆమెకు తెలుసు. కడుపుతో ఉన్న భార్యకు రక్తపోటు ఎక్కువైంది, కాళ్ళు వాచాయి, కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ అంది. ఎవరే ధర చెప్పినా సగానికి అడగడం ఆయనకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. ఒక పూట పడుకుంటే చాలదా అని అడిగాడు. కుదరదంటే, ఇంటికొచ్చి భార్యతో కుదుర్చుకున్నాడు. గల్లా దగ్గర కూర్చోవడం పనెలా అవుతుంది, వెనక దిండు వేస్తే అదీ విశ్రాంతే కదా అన్నాడు. ఆమె కాదనలేదు. ఒకనాడు ఎవరో బిందె బేరమాడుతుండగా ఆమె కళ్ళు మసకబారాయి. ఫిట్స్ వచ్చి గల్లాపెట్టె మీదికే ఒరిగిపోయింది. ఏడో నెలలోనే ఆపరేషన్ చేసి ఆడపిల్లను బయటికి తీశారు.

పై అంతస్తులో ఒక బస్సు డ్రైవరు భార్య, కాన్పు నాటి నుంచి స్పృహ లేకుండా ఉంది. బిడ్డను చూడ్డానికైనా మొగుడు ఆమె మంచం వదలడం లేదు. ఆమె ఎలా ఉందని కొట్టాయన రోజూ అడుగుతాడు. ఆ పొద్దునే కళ్ళు తెరిచిందని నర్సు చెప్పింది. ఆయన అమ్మయ్య అనుకున్నాడు. పాప వీపు మీదున్న చెయ్యి మాత్రం ఇంకాస్త గట్టిగా ఆనింది.

“దీనికీ గండం గడిచింది. బరువు పుంజుకుంది. ఇక మీకు ఈ కుర్చీతో పని ఉండదు,” అందామె.

ఇంకాసేపు ఉండనిమ్మని అడిగాడాయన.

“బేరమాడనన్నారు?” అని నవ్వి, ఉండనిచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పడుకోవాల్సిన రోజుల్లో కూర్చోబెట్టాడు. ఇప్పుడు లేవమన్నా లేవడం లేదు. పాలు పిండడానికి మాత్రం లేస్తుంది. ఆయన పక్కన కూర్చుని, గండం గడిచిందట అన్నాడు.

ఆమె ఇటు తిరిగింది. “పాలు తాగిందా?”

“చుక్క మిగల్చలేదు.”

“ఎవరి పోలిక?”

“అచ్చం వాళ్ళమ్మేనంటోంది నర్సు.”

ఆమె లేచి కూర్చుని పాలసీసా అందుకుంది.

“మన పాప బతికుంటే ఎవరిలా ఉండేదో.”