పేరు పక్కన గీత

“పుండుకు నా పేరు పెట్టావా?”

పిరోష్క ఆ గాజు సీసాను కిటికీ వెలుతురులోకి ఎత్తింది. దూది బిరడా కింద ఈగలు పాకుతున్నాయి. పుండ్లు ఎలా మానతాయో ఆమె భర్త దేనెష్ వెతికేది వీటిలోనే. చీటీ మీద అతని చేతిరాత: ‘పిరోష్క’, పక్కన చిన్న గీత. ఇంకేదో రాయబోయి ఆగినట్టు. దేనెష్ ఎప్పుడూ అంతే, ఏ మాటా పూర్తిచేయడు.

ఇంటి తాళంచెవి ఇచ్చేసి పోదామని ప్రయోగశాలకు వచ్చింది. సాయంత్రం బండికి సెగెద్ ఊరు వదిలి అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇక తిరిగి రాదు.

“పుండుకు కాదు, పిరీ. కొత్తగా దొరికిన జన్యువుకు. కనిపెట్టినవాడే పేరు పెట్టాలి. కూర్చో, చూపిస్తా.”

తెర మీద బియ్యపు గింజలాంటి ఈగ పిండం. వీపు నడుమ ఇంకా మూసుకోని చోటు. రెండు వైపుల చర్మమూ సన్నని పోగులు చాచి, తడుముకుని, ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. జిప్పు లాగినట్టు వీపు మూసుకుంది.

“మన వేలు తెగినా ఇలాగే మానుతుంది.”

“బాగుంది. ఇదేనా నేను?”

“ఇది మామూలు పిండం. ఆ సీసాలోది ఇదిగో.”

రెండోదీ పోగులు చాచింది. అవతలి అంచు అందలేదు. వీపు తెరుచుకునే ఉండిపోయింది.

బల్లకు చెరో చివర కూర్చుని మాటల్లేకుండా తిన్న భోజనాలు ఆమెకు గుర్తొచ్చాయి. ముందుగా చెయ్యి చాచడం మానేసింది ఎవరో, ఇప్పుడు ఆమెకే తెలియదు.

“ఇన్నేళ్ళ కాపురానికి ఇదా బిరుదు? మీవాళ్ళంతా పగలబడి నవ్వుంటారు.”

“ఎవరూ నవ్వలేదు. మా ప్రయోగశాల పెద్దాయనైతే కళ్ళు తుడుచుకున్నాడు.”

“నా మీద జాలితోనా?”

“నా మీద.”

ఆమె తాళంచెవిని సీసా పక్కన పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“ఒక్కటి చెప్పు. ఏం తిట్టబోయి ఆ గీత దగ్గర ఆగిపోయావు?”

“ఆగలేదు. పూర్తిగానే రాశాను.”

“ఏమని?”

దేనెష్ తల ఎత్తలేదు.

“మా ఈగలవాళ్ళు జన్యువు పేరు పక్కన ఆ గీతను ‘లేకపోతే’ అని చదువుతారు.”