సగంలో ఆగిన పేరు

"స్టెర్నో... క్లైడో..." అని ఆగిపోయింది టీచరమ్మ.

డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆపరేషన్ బల్ల మీద టీచరమ్మ మెలకువగానే ఉంది. మెదడులో గడ్డ సరిగ్గా మాటలు పుట్టే చోటుకి ఆనుకుని పెరిగింది. అందుకే కోస్తున్నంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగిందంటే కత్తి తగలకూడని చోట తగిలినట్టే.

ఆపకుండా పలకడానికి ఆ పేరు ఎంచుకున్నది టీచరమ్మే. మెడ పక్కన ఉండే కండరం పేరు అది. నర్సింగ్ పిల్లల చేత దాన్ని ముక్కలు చేసి పలికించడంతోనే తన బతుకంతా గడిచిందని, నిద్రలో లేపి అడిగినా చెప్తానని పొద్దున నవ్వుతూ అంది. ఇంతసేపూ చెప్పింది కూడా. స్టెర్నో, క్లైడో, మాస్టాయిడ్. ఒక్కో ముక్కకీ ఒక్కో వేలు మడుస్తూ. మధ్యలో మత్తు డాక్టరు ఆవలిస్తే, పాఠం జరుగుతుంటే ఆ నిద్రేమిటని గదిమింది.

ఇప్పుడు మూడో వేలు మడవలేదు.

"చెప్పండమ్మా" అన్నాడు డాక్టరు.

కత్తి పక్కన పెట్టి, ఇది మూర్ఛ అయితే తగ్గుతుందని తెరిచిన చోట చల్లటి నీళ్లు చిలకరించాడు. మళ్లీ అడిగాడు. నర్సు వంగి చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులే కదలడం లేదు.

డాక్టరుకి బయట బెంచీ మీద కూర్చున్న ఆమె కూతురు గుర్తొచ్చింది. అమ్మకి మాట పోతే ఇంకేం మిగలదని చేతులు పట్టుకుని మరీ చెప్పింది ఆ పిల్ల. తలుపు తీసుకుని వెళ్లి ఏం చెప్పాలి? గడ్డ ఇంకా గోరంత మిగిలే ఉంది. అయినా ఇక దాన్ని ముట్టుకునే ధైర్యం లేదు.

"మూసేద్దాం" అన్నాడు మెల్లగా. "దారం ఇవ్వు."

నర్సుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉండబట్టలేక టీచరమ్మ చెవి దగ్గర గొణిగింది. "మాస్టాయిడ్..."

టక్కున మూడో వేలు మడుచుకుంది.

"హమ్మయ్య, ఒక్కదానికైనా వచ్చింది" అంది టీచరమ్మ. "సగం నేను అందిస్తే మిగతా సగం క్లాసంతా కలిసి అనాలని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"